సవరణ: వేరియన్సుల దగ్గర ‘శాంపిల్ 30 దాటితే చాలు’ చెల్లదు

వైజాగ్‌లోని మద్దిలపాలెం, గాజువాక స్టాపుల్లో సిటీ బస్సుల ఆలస్యాలను పోలుస్తూ పెట్టిన పోస్టులో, ఒక్కో స్టాపు నుంచి 40 పరిశీలనలు ఉన్నాయి కాబట్టి రెండు స్టాపుల వేరియన్సులనూ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) ఎఫ్ పరీక్షతో, అంటే వాటి నిష్పత్తిని చూసే పరీక్షతో, ధైర్యంగా పోల్చవచ్చని రాశాను. అది తప్పు.

శాంపిల్ 30 దాటితే డేటా నార్మల్‌గా (గంట ఆకారంలో) లేకున్నా బెంగ అక్కర్లేదన్న వెసులుబాటు సగటులకే (అదీ డేటా మరీ ఒకవైపుకి ఒరిగిపోనప్పుడు). ఎఫ్ పరీక్షకు అది లేదు. బస్సుల సంగతి తెలిసిందే: చాలావాటికి నాలుగైదు నిమిషాలే ఆలస్యం, జగదాంబ దగ్గర ఇరుక్కున్న ఒక్కదానికి మాత్రం 45. సగటు నుంచి తేడాను వర్గం చేస్తాం కదా, ఆ ఒక్క బస్సే వేరియన్స్‌ని ఎక్కడికో లాక్కెళ్తుంది. ఎఫ్ పట్టిక డేటా నార్మల్‌గా ఉందనే అనుకుంటుంది, దానికి ఈ గొడవ పట్టదు. తేడా లేకున్నా ఉందని పొరపడే అవకాశం 5 శాతమే అని మనం అనుకుంటాం, పరీక్ష మాత్రం తేడా లేనప్పుడు కూడా అంతకు మించి చాలాసార్లు ‘ఉంది’ అంటుంది. శాంపిల్ పెంచినా ఈ జబ్బు తగ్గదు.

స్టాటిస్టీషియన్ జార్జ్ బాక్స్ 1953లోనే దీన్ని చూపించారు, ఇప్పుడు ప్రామాణిక స్టాటిస్టిక్స్ పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటుంది. సగటుల పరీక్షకు ముందు వేరియన్సులను ఇలా పరీక్షించడం, పెద్ద ఓడ బయల్దేరవచ్చో లేదో చూడటానికి తెడ్ల పడవను సముద్రంలోకి పంపడమేనని ఆయన చమత్కారం. వైజాగ్ వాళ్లకి వివరించక్కర్లేదు.

ఇలాంటి డేటాకు బ్రౌన్-ఫోర్సైత్ పరీక్ష వాడండి. ప్రతి విలువా తన గ్రూపు మధ్యగతం నుంచి ఎంత దూరంలో ఉందో, ప్లస్ మైనస్‌లు వదిలేసి తీసుకుని, ఆ దూరాల సగటులను అనోవాతో (గ్రూపుల సగటుల మధ్య తేడాను చూసే పరీక్ష) పోల్చడమే. ఎక్సెల్‌లోనూ అయిపోతుంది. అదే పోస్టులో ఆలస్యమైన బస్సుల శాతాలకు చేసిన జెడ్ పరీక్షలో మార్పు లేదు.