అజెండాలో జెండా

నగరానికి కొత్త జెండా కావాలన్నారు, బొమ్మలు పిలిచారు, వచ్చాయి, వడపోశారు, కౌన్సిల్ అజెండాలో ఏడో అంశంగా ఎక్కించారు. అక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. నమూనా ఎగరేశాక మొదలైంది.

వచ్చినప్పుడు అది రెండు నీలం చారలు, ఓ పసుపు వృత్తం, అంతే. కమిటీలోంచి బయటపడేసరికి నది, వంతెన, గడియారస్తంభం, పళ్ళచక్రం, పావురం, నగర ముద్ర, అడుగున ఊరి పేరు చేరాయి. తలా ఒక బొమ్మ అడిగారు. కాదంటే తీర్మానానికి చేతులు లేవవు మరి. జెండాల సంగతి తెలుసని పేరుపడ్డ వాళ్ళం ఒక్క పరీక్ష చెయ్యమని మొత్తుకున్నాం: ఒకటిన్నర అంగుళం పొడవు, అంగుళానికి కాస్త తక్కువ వెడల్పు ఉన్న చీటీ మీద బొమ్మ గీసి 30 అంగుళాల దూరంలో పెట్టి చూడండి, అయిదడుగుల జెండా వందడుగుల అవతల అంతే కనిపిస్తుంది అని. చూశారు. "పావురం బాగుంది" అన్నారు. అది గడియారస్తంభం.

సభలో గాలి ఉండదని స్టాండు ఫ్యాను తెచ్చారు. నమూనా పలచటి నైలాన్ గుడ్డ, అచ్చు ఒకవైపే. రంగు అవతలికి దిగి, బొమ్మ అద్దంలోలా తిరగబడి కనిపిస్తుంది. చారలకీ వృత్తాలకీ నష్టం లేదు, అక్షరాలకే చిక్కు. ఈ మాట ముందే చెప్పాల్సింది మేమే. చీటీ పరీక్ష మోజులో మర్చిపోయాం.

కర్రకి అటు అధికారపక్షం, ఇటు ప్రతిపక్షం. అటువాళ్ళకి ఊరి పేరు సుబ్బరంగా కనబడింది. ఇటువాళ్ళకి కొమ్ములన్నీ ఎడమపక్కకి మొలిచాయి. "మా వైపే ఊరిని తిరగేశారు, ఇది కక్షసాధింపు" అని ఒకాయన లేచాడు. సరే, కర్ర తిప్పారు. అధికారపక్షం లేచింది. పావుగంట ఇటూ పావుగంట అటూ తిప్పుదామని ఒకావిడ రాజీమార్గం చెప్పింది. అందరూ ఒకే వైపు కూర్చుంటే పోలేదా అన్నాడు ఇంకొకాయన. ఆ మాటని రికార్డుల్లోంచి తొలగించారు.

రెండు పక్కలా సరిగ్గా చదవాలంటే రెండు గుడ్డల మీద అచ్చువేసి, మధ్యలో వెలుతురు దూరని మూడో పొర పెట్టి కుట్టాలి. ఆ బరువుకి చిరుగాలి చాలదు. తడిబట్టలా కర్రకి వేలాడుతుంది. గట్టిగాలి వస్తే కొట్టుకునే చివరంచు ముందు పీలికలవుతుంది. ఇదంతా వివరిస్తే "అయితే పెద్ద ఫ్యాను పెడదాం" అన్నారు. వీధిలో కర్రకి!

ఐడహోలోని పొకటెల్లో పాత జెండా మీద నినాదంతోపాటు ట్రేడ్‌మార్క్ గుర్తు కూడా ఉండేదనీ, 2004లో 150 అమెరికా నగరాల జెండాలకి మార్కులేస్తే అట్టడుగున నిలిచిందనీ, 2017లో మార్చుకున్నారనీ చెప్పాం. చికాగో జెండాలో ఒక్క అక్షరమైనా లేదు, 1917లో రెండు నక్షత్రాలతో మొదలై 1933లో ఒకటి, 1939లో ఒకటి చేరాయని కూడా నోరు జారాం. "చూశారా, వాళ్ళూ చేరుస్తూ పోయారు" అని డిప్యూటీ మేయర్ రెండో పావురాన్ని ప్రతిపాదించాడు.

అంశం వాయిదా. దించబోతే తాడు ముడి కప్పీలో ఇరుక్కుంది. ఎనిమిదో అంశం, మురుగుకాలవలు, దాని కిందే చర్చించారు. ఫ్యాను ఆపాలని ఎవరికీ తోచలేదు.