పాఠం చెప్పకుండా చీపురా?

ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినోత్సవం, నవంబరు 19 నుంచి 25 వరకు వారసత్వ వారోత్సవాలు ఏటా వస్తూనే ఉంటాయి. ఆ రోజుల్లో బడిపిల్లలను, జాతీయ సేవా పథకం వాలంటీర్లను బస్సుల్లో కోటలకు, గుళ్లకు తీసుకెళ్లి, చేతికో చీపురిచ్చి, బ్యానరు ముందు నిలబెట్టి ఫొటోలు తీయించి, మధ్యాహ్నానికల్లా వెనక్కి పంపేయడం అనేకచోట్ల రివాజుగా మారింది. దీన్ని స్వచ్ఛంద సేవ అనడానికి మాకు మనసొప్పడం లేదు.

పాలంపేట రామప్ప గుడినే తీసుకుందాం. 1213లో కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ ఆలయానికి 2021 జులై 25న యునెస్కో గుర్తింపు దక్కినప్పుడు తెలుగువారంతా పొంగిపోయారు. సాంద్రత అంటే ఏమిటో చెప్పే ఉపాధ్యాయుడికి, నీటిపై తేలేంత తేలికైన ఆ విమానం (గర్భగుడి మీది శిఖరం) ఇటుకను మించిన ఉదాహరణ దొరకదు. ఇసుక నింపిన పునాది మరో పూర్తి పీరియడుకు సరిపడే పాఠం. గర్భాలయ ద్వారం దగ్గరి వేణుగోపాలుడి శిల్పాన్ని మీటితే స్వరం పలుకుతుందని విన్న పిల్లవాడు ముందుగా చేసేది మీటి చూడటమే. రోజూ వందల చేతులు తగిలితే, చెమటా జిడ్డూ పేరుకుంటే ఆ నల్లరాతి నునుపు ఏమవుతుందో తరగతి గదిలో అతడికి ఎవరు చెప్పారు? ఉపాధ్యాయుల కోసం 'యువత చేతుల్లో ప్రపంచ వారసత్వం' పేరిట యునెస్కో 1998లోనే బోధన సామగ్రిని తెచ్చింది. అలాంటి పటాలు, నమూనాలు, కృత్యపత్రాలు తెలుగులో మన బడుల్లో ఎన్నింటికి చేరాయో విద్యాశాఖలు చెప్పాలి.

పిల్లలకు శ్రమ విలువ తెలుస్తుందని, సిబ్బంది చాలనిచోట సాయం అందుతుందని నిర్వాహకులు అంటారు. శ్రమను మేమూ తక్కువ చేయం. మా అభ్యంతరం పాఠం చెప్పకుండా చీపురివ్వడం మీదే. ఈ ఏడాది కాగితాలు ఏరినవారిని వచ్చే ఏడాది గడ్డి పీకమంటారు, ఆపై గోడల మీది నాచు గీకమంటారు. శిక్షణ లేని చెయ్యి ఇనుప బ్రష్షుతో రుద్దితే అరిగిపోయిన చెక్కడాన్ని ఏ పురావస్తు నిపుణుడూ తిరిగి తేలేడు. రక్షిత కట్టడానికి హాని చేస్తే 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద జైలుశిక్ష కూడా పడవచ్చు; ఆ సంగతైనా చెప్పకుండా మైనర్లను అక్కడికి పంపడం ఏం బాధ్యత? పిల్లలు ఉచితంగా దొరుకుతున్నారన్న ధీమా ఒకసారి అలవాటైతే, సిబ్బందిని నియమించాల్సిన పురావస్తు శాఖ ఆ ఊసే ఎత్తదు.

జాతీయ సేవా పథకంలో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవకు ఇవ్వాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరమూ ఉంటుంది. శిల్పాలను చూసి బొమ్మలు గీయడం, పగుళ్లను తేదీ వేసి నమోదు చేయడం, ఆవరణలోని శాసనంలో ఏముందో సందర్శకులకు తెలుగులో వివరించడం వంటి పనులు నేర్పడానికి ఆ సమయం చాలదా? సమయం ఉండి కూడా నేర్పకపోవడం పెద్దల బద్ధకం. వచ్చే ఏప్రిల్‌కు బస్సులు మాట్లాడే అధికారులు ముందు పాఠం సిద్ధం చేయాలి. అది చేతకాకపోతే పిల్లలను బడిలోనే ఉండనివ్వండి.