మహారాజశ్రీ వంటింటి త్రాసు గారికి

ఉభయకుశలోపరి. తమరు మా వంటగట్టు మీదికి వేంచేసినప్పటి నుంచి ఈ ఇంట్లో ఎవరూ అన్నం తినడం లేదు, గ్రాములు తింటున్నారు. ఆకలేస్తోందంటే నమ్మే నాథుడు లేడు. ముందు తమరి అంకె ఏమంటోందో చూసి రమ్మంటున్నారు.

తమరి నిజాయితీని నేను శంకించడం లేదు. పైన పలక, కింద చిన్న లోహపు కమ్మీ. బరువు పడితే అది వెంట్రుకవాసి వంగుతుంది, ఆ వంపుకు దానికి అంటించిన తీగ విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పే అంకెగా వెలుగుతుంది. ఇందులో పక్షపాతానికి చోటెక్కడిది? నా ఫిర్యాదల్లా తమరి సముఖానికి ఎవరిని పిలుస్తున్నారు, ఎవరిని దాటవేస్తున్నారు అన్నదాని మీదే.

కీరదోసనే తీసుకోండి. 100 గ్రాములు తిన్నా అందులో ఉండేది 15 కేలరీలు. ఆ నిరపరాధిని మాత్రం రోజూ బోనెక్కిస్తారు. 97 చూపిస్తే ఇంకో ముక్క కోసి 100 చేస్తారు, 103 అయితే ఒక ముక్క తీసి పక్కన పెడతారు. ఆ వెంటనే అదే చేత్తో నూనె సీసా అందుకుని మూకుడులోకి ధారగా వంచుతారు. ఆ సమయానికి తమరు గట్టు మీద కళ్లు మూసుకుని ఉంటారు. ఒక టేబుల్ స్పూను నూనె అంటే 15 మిల్లీలీటర్లు, దాదాపు 120 కేలరీలు. దానికి సరితూగాలంటే 800 గ్రాముల కీరదోస నమలాలి. పైగా వంచిన చేతిలోంచి పడింది ఒక్క స్పూనేనని సాక్ష్యం చెప్పేవారు ఎవరు? గ్రాము పిండిపదార్థానికి 4, గ్రాము మాంసకృత్తులకు 4, గ్రాము కొవ్వుకు 9 అని ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. వచ్చినా, 9 గారికి రాచమర్యాద, ఆకుకూరలకు విచారణ.

బియ్యం సంగతి ఇంకా ముచ్చటైనది. ఉడికాక బియ్యం నీళ్లు తాగి రెండున్నర, మూడు రెట్ల బరువుకు చేరుతుంది. అందుకే 100 గ్రాముల బియ్యానికి సుమారు 360 కేలరీలైతే, 100 గ్రాముల అన్నానికి సుమారు 130. మా ఇంట్లో ఒకరు బియ్యాన్ని తూచి, ఫోనులోని కేలరీల పద్దులో అన్నం అని నొక్కుతారు. మూడింట రెండు వంతుల కేలరీలు అక్కడికక్కడే మాయం. ఇంత త్వరగా పనిచేసే వైద్యం మరొకటి నేనెరుగను.

పొట్లాల వెనక రాసే ‘ఒక వడ్డింపు: 30 గ్రాములు’ అన్నది మరో వేడుక. అది ఇంతే తినమన్న సలహా కాదు, లెక్క చెప్పడానికి పెట్టుకున్న కొలత మాత్రమే. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2016లో ఐస్‌క్రీం వడ్డింపును అరకప్పు నుంచి కప్పులో మూడింట రెండు వంతులకు పెంచింది. కారణం ఆరోగ్యం కాదు, జనం తినేది అంతకంతకూ పెరగడం.

ఇక తమరి ‘టేర్’ మీట. గిన్నె బరువు తీసేసి సున్నా చూపడానికి పుట్టిన ఆ మీటలో మా వాళ్లు మోక్షమార్గం కనుగొన్నారు. మొదటి విడత సగం తిన్నాక పళ్లెం తెచ్చి తమరి మీద పెట్టి ఒక్క నొక్కు నొక్కితే అంతకు ముందు జరిగినదేదీ జరగలేదు. రెండో విడతే మొదటిదవుతుంది. వండేటప్పుడు ‘ఉప్పు సరిపోయిందా’ అంటూ మింగే గరిటెలు, పిల్లలు వదిలేశారని తినే అంచులు, ఇవి పళ్లెం దాకా రానే రావు కనుక మీటతో పని కూడా లేదు.

కాబట్టి నా మనవి ఇది. కూరగాయలకు బేషరతుగా విడుదల ప్రకటించండి. పళ్లెంలో సగం అవే ఉండాలని కంటితో చూస్తే సరిపోతుంది. నూనె, వెన్న, చీజు, వేయించిన గింజలు, పంచదార, వీటికి మాత్రం సమన్లు పంపండి. నూనె సీసాను వంటకు ముందొకసారి, తర్వాతొకసారి తమరి మీద నిలబెడితే చాలు, తేడా దానంతటదే ఒప్పుకుంటుంది. కొన్నాళ్లు అలా తూస్తే స్పూను ఎంతో, పిడికెడు ఎంతో కంటికి అలవాటవుతుంది, తమరికీ కాస్త విశ్రాంతి దొరుకుతుంది.

ఇట్లు,
తమరి కొలతలకు లోబడిన
ఇంటి సభ్యుల్లో ఒకరు

తా.క. ఇంట్లో విందు ఉందనగానే ముందురోజు తమరి బ్యాటరీ అయిపోవడం కేవలం యాదృచ్ఛికమని పెద్దలు తీర్పు చెప్పారు. కొత్తది విందయ్యాక తెస్తారట.