దిబ్బకు లింకు డాక్యుమెంట్లు లేవు

గోదావరి డెల్టాలో రియల్ ఎస్టేటు అభివృద్ధికి అడ్డుపడుతున్న వారిలో ప్రథమ ముద్దాయిలు తూర్పు చాళుక్యులేనని చెప్పక తప్పదు. బిక్కవోలులో వారు కట్టిన గుళ్లలో కొన్ని నేటికీ ఊరి వెలుపల పొలాల్లోనే నిలిచి ఉన్నాయి. ఆ పొలాలు ఏనాటికైనా ప్లాట్లు అవుతాయన్న ముందుచూపు తొమ్మిదో శతాబ్దపు రాజులకు బొత్తిగా లేకపోయింది. కేంద్ర చట్టం కూడా వారి పక్షమే వహించి, రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల మేర కొత్త నిర్మాణాన్ని నిషేధించి, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి చేసింది. అతిక్రమిస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. జైలు మాట అటుంచితే, లక్షకు వెంచరు ముఖద్వారం ఆర్చి కూడా లేవదు కనుక జరిమానాను అభివృద్ధి ఖర్చుల్లోనే రాసుకోవచ్చునని విజ్ఞుల అభిప్రాయం.

కోనసీమలోని ఆదుర్రు బౌద్ధ స్తూపానికి రక్షిత కట్టడాల జాబితాలో చోటైనా దక్కింది. అసలు చిక్కంతా జాబితాకెక్కని పాటిదిబ్బలతోనే, అంటే పాత ఊళ్ల శిథిలాలు పేరుకున్న దిబ్బలతోనే. డెల్టా పల్లపు నేల. వరదకు వెరచి పూర్వులు మెరక చూసి ఊరు కట్టుకున్నారు, కూలిన ఇంటిమీదే మళ్లీ ఇల్లు లేపుకున్నారు, అలా తరతరాలకు మెరక దిబ్బయింది. ఇప్పుడు వరిచేనును ప్లాట్లు చేయాలంటే ముందు మెరక చేయాలి, మెరకకు మట్టి కావాలి, ఆ మట్టి పక్కనే దిబ్బగా పోసి ఉంది! పాటిమట్టిని బళ్లతో చేలకు ఎరువుగా తోలుకున్న రైతుల సంప్రదాయాన్నే పొక్లెయిన్ భక్తిశ్రద్ధలతో కొనసాగిస్తున్నది. కాకపోతే బండి ఏళ్ల తరబడి తోలినది టిప్పర్లు తెల్లవారేలోగా దాటిస్తాయి. అందులో ఆ పూర్వుల ఆనవాళ్లుగా లోపల నలుపూ బయట ఎరుపూ ఉన్న కుండపెంకులు, మూరెడు పొడవు ఇటుకలు బయటపడితే రోలరు వాటిని చదునుగా అణచిపెడుతుంది, కొంత గ్రావెల్ కూడా కలిసివస్తుంది.

1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. కుండపెంకు అంత చేయదని టిప్పరు డ్రైవరే అక్కడికక్కడ విలువ కట్టేస్తున్నందున, పాపం, కలెక్టరుగారికి ఆ శ్రమ తప్పుతున్నది.

ఇక దిబ్బకున్న హక్కు సంగతి. పాసుపుస్తకం లేదు, పన్ను రసీదు లేదు, లింకు డాక్యుమెంట్లు అసలే లేవు. పాత దస్తావేజుల్లో ‘తూర్పు: పాటిదిబ్బ’ అని హద్దు రాసి ఉన్నమాట వాస్తవమే గాని, కొత్త దస్తావేజులో దానిని ‘తూర్పు: 30 అడుగుల రోడ్డు’ అని మార్చినందుకు లేఖరి అదనంగా ఏమీ పుచ్చుకోలేదు.