సవరణ: మంచు దేశాల్లో కాంక్రీటు దారి

ఇంటి ముందు కారు దారికి వేసే కాంక్రీటుపై నా క్రితం టపాలో రెండు తప్పులు దొర్లాయి. నీరు, సిమెంటు నిష్పత్తి 0.54 అని పడింది, 0.45 మించకూడదు. అది అంకెల తారుమారు. రెండోది మాత్రం అచ్చంగా నా అవగాహన లోపమే. సిమెంటు ఎక్కువ వేస్తే చాలు, గడ్డకట్టే చలిని తట్టుకుంటుందని రాశాను. తట్టుకోదు. నీరు మంచుగా మారేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి చోటివ్వడానికి కాంక్రీటులో కంటికి ఆనని గాలి బుడగలు ఉండాలి. కలిపేటప్పుడే ప్రత్యేక రసాయనంతో వాటిని పుట్టిస్తారు. 20 మిల్లీమీటర్ల కంకరకైతే సుమారు 6 శాతం గాలి. ఈ గాలి వల్ల కాంక్రీటు బలం కొంత తగ్గే మాట నిజమే. కాంక్రీటు పోశాక పైకి తేరిన నీరు ఆరకముందే తాపీతో నునుపు చేస్తే పై పొర బలహీనపడి పెచ్చులూడుతుంది. మొదటి చలికాలం మంచు కరిగించడానికి ఉప్పు చల్లవద్దని ఆ టపాలో అన్న మాటలో మార్పు లేదు. జారకుండా ఇసుక చల్లుకోండి.