చెంచా కోసం జావ పలచన చేస్తారా?

మా అనంతపురంలో ఈమధ్య ఎవరింటికి అన్నప్రాశనకు పోయినా ఒక రంగుల డబ్బా కనపడుతోంది. అడుగు అతుక్కునే గిన్నె, మెత్తని చెంచాలు, సిలికాన్ బిబ్, వాటితోపాటు ఆ పిండే సీసా చెంచా. సీసాలో జావ పోసి నొక్కితే కొసన ఉన్న చెంచాలోకి వస్తుంది. చేతికి అంటదు, ఆటోలో పోతా కూడా పెట్టొచ్చు. మిగతావంటారా, డబ్బు దండగ అంతే. నాకు ఒళ్లు మండేది ఈ సీసా చెంచా మీదే.

ఆ సన్న బెజ్జంలోంచి దిగాలంటే జావ నీళ్లలా ఉండాల. మా తోడికోడలు చక్కగా చిక్కగా కాచిన రాగి జావలో వేడినీళ్లు కలుపుతోంటే "ఏందే ఇది?" అన్నా. "లేకపోతే రాదక్కా" అంది. తిండిని బట్టి చెంచా కొనాలా, చెంచాను బట్టి తిండి కలపాలా? ఆరు నెలలు నిండిన బిడ్డకు మొదట్లో పూటకు రెండు మూడు పెద్ద చెంచాలు, పోను పోను అర కప్పు. ఇంతే పట్టే పొట్టలో సగం నీళ్లు పోస్తే కడుపు నిండినట్టుంటుంది, ఒంటికి పట్టదు. జావ చెంచాలో జారకుండా నిలబడాల. ప్రపంచ ఆరోగ్య సంస్థ తల్లులకు చెప్పమనేది ఇదే, మా జేజి అనేదీ ఇదే.

చిక్కగా ఉంటే మింగలేడేమో అని భయమా? రాగులు నానబెట్టి, మొలకట్టి, ఆరబోసి పిండి పట్టించండి. మొలకలో పిండి పదార్థం విరుగుతుంది కాబట్టి జావ జిగటగా ముద్ద కట్టదు, అదే గిన్నెలో ఎక్కువ పిండి పడుతుంది.

ఇంక చెంచా సంగతి. టీలో చక్కెర కలిపే లోతైన చెంచా వద్దు. దాంతో పెట్టేటప్పుడు చూడండి, తల్లి చెంచా పైకెత్తి పైచిగురుకు గీకి లాగుతుంది, సగం అడుగునే మిగిలిపోతుంది. వెడల్పు బిడ్డ నోటికి సరిపోయి, లోతు లేకుండా చదునుగా ఉండాల. కింది పెదవి మీద ఆనించి ఆపితే చాలు, పైపెదవి దానంతటదే దిగి తుడుచుకుంటుంది. నమలడానికి ముందు పాఠం అదే. పిండే సీసా ఆ పనికి పిల్లోడికి సందే ఇవ్వదు, మన వేళ్లెంత నొక్కితే అంత నోట్లోకి. పైగా దాని మెడలో ఇరుక్కున్న జావను ఏ బ్రష్‌తో కడుగుతారు? ఎండాకాలంలో మధ్యాహ్నానికే పులుస్తుంది, ఆపైన విరేచనాలు.

మేనమామ పెట్టే వెండి గిన్నె మంచిదే, బీరువాలో పడి ఉండకపోతే. కానీ పాతూరు అంగళ్లలో "జర్మన్ సిల్వర్" అంటే వెండి అనుకోవద్దండీ, దాంట్లో వెండి బొట్టు కూడా ఉండదు, రాగి, నికెల్, జింకు కలిపింది. పూజకు పెట్టుకోండి. కళాయి లేని ఇత్తడిలో పెరుగన్నం అసలే వద్దు. ప్లాస్టిక్ గిన్నెలో పొగలు కక్కే జావ పోయొద్దు. స్టీలు వేడిని పట్టుకుంటుంది కాబట్టి మణికట్టు మీద చూసుకుని పెట్టండి, అంతకు మించి దానికి వంక లేదు.

పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదనీ, అమ్మకం కోసం తల్లులకు గిన్నెల్లాంటి కానుకలు పంచకూడదనీ 1992లోనే చట్టం వచ్చింది, 2003లో ఇంకా బిగించారు. ఇప్పుడేమో సీసాకు చెంచా తగిలిస్తే అది సీసాయే కాదన్నట్టు ఫోన్ తెరిస్తే చాలు, అవే రీళ్లు.

అన్నప్రాశనకు ఏం తేవాలక్కా అని అడుగుతున్నారు కదా. అంచు ఎత్తుగా ఉన్న చిన్న స్టీలు గిన్నె, రెండు లోతులేని చెంచాలు, కిలో మొలకల రాగిపిండి తీసుకురండి. డబ్బా తెస్తే మాత్రం సీసా చెంచాను నేనే తీసి పక్కన పెడతా, ఏమనుకోవద్దు.