చూపుకా భయం, పట్టుకా?

(ఒంగోలు, కర్నూలు రోడ్డు. మునిమాపు వేళ. టీ కొట్టు ముందు చెక్కబల్ల. ఒకవైపు మామ, వయసులో ఉన్నప్పుడు కబడ్డీలో కూతకెళ్లినవాడు. ఇంకోవైపు జిమ్ములో చేరి ఆరు నెలలైన అల్లుడు. ఫోన్లో ఎంఎంఏ ఆడతా ఉంది. గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిపి ఆడే ఆట అది. కొందరు ఫైటర్లంటే ఎదుటివాడికి ముందే ఎందుకు దడ పుడుతుందన్నది తగువు.)

అల్లుడు: ఇతన్ని చూడు మామా, వాండర్లే సిల్వా. గంట కొట్టకముందే రెండు చేతులూ పెనవేసి మణికట్లు తిప్పుకుంటా, రెప్పెయ్యకుండా ఎట్టా చూస్తన్నాడో! ఎదుటోడు సగం అక్కడే అయిపోతాడు.

మామ: చూపుతో అయిపోయేదుంటే మా వీధి మొదట్లో కట్టేసే గిత్త ఎప్పుడో ఛాంపియన్ అయ్యుండేది. దాని చూపుకి నువ్వు సైకిల్ దిగి, గోడకి అంటుకుపోయి నడిచేవాడివి. అది ఒక్కనాడన్నా పొడిచిందా?

అల్లుడు: నేననేదీ అదే. పొడవకపోయినా దిగానా లేదా?

మామ: గమ్మునుండు. నువ్వు అప్పుడు మూడో క్లాసు. రోజూ ముక్కు పగలగొట్టించుకునేవాడికి చూపులు ఒక లెక్కా?

అల్లుడు: మరి జోసే ఆల్డో సంగతేంది? పదేళ్లు ఓటమెరగని మనిషి. మెక్‌గ్రెగర్ నెలల తరబడి నోటితో పొడిచాడు, డబ్లిన్‌లో మీడియా ముందే ఆల్డో ఛాంపియన్ బెల్టు లాక్కున్నాడు. 2015 డిసెంబర్లో బరిలో దిగితే ఆల్డో ఒళ్లు తెలియకుండా మీదికురికాడు. మెక్‌గ్రెగర్ ఎడమ చేతి దెబ్బ ఒకటి, ఆల్డో పడిపోయాడు. 13 సెకన్లు! పని చేసింది నోరా, చెయ్యా?

మామ: అదే నోరు 2018లో ఖబీబ్ మీద ఎందుకు పని చెయ్యలా? నాన్ననీ మతాన్నీ కూడా వదల్లేదంట. నాలుగో రౌండ్లో ఖబీబ్ మెడ పట్టుకి చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు మెక్‌గ్రెగర్. ఖబీబ్ 29 పోటీలాడి, ఒక్కటీ ఓడకుండా తప్పుకున్నాడని నువ్వేగా చెప్పింది? ఏదీ, ఆ చెయ్యిలా ఇయ్యి.

(అల్లుడి కుడి మణికట్టు పట్టుకుని బల్లకేసి అదిమాడు. బలం పెట్టినట్టే లేదు. బొటనవేలు మాత్రం నరం మీద ఉంది. అల్లుడి టీ గ్లాసు జానెడు దూరంలో పొగలు కక్కుతోంది.)

మామ: ఇప్పుడు మాట్లాడు. టీ తాగు కావాలంటే.

అల్లుడు: వదులు మామా, జనం చూస్తన్నారు.

మామ: ఖబీబ్ చేసేదిదే. బోను గోడకి ఆనించి, కాళ్లకి కాళ్లు మెలేసి, ఒక చేతిని నీ వీపు వెనకే బిగించేస్తాడు. రెండో చెయ్యి నేలకి ఆనించుకోవాలా, ముఖానికి అడ్డం పెట్టుకోవాలా? ఆనిస్తే గుద్దులు, అడ్డం పెడితే కింద పడతావు. పైన వాడి బరువంతా నీ రొమ్ము మీద. కూతలో ఉండగా నలుగురు మీద పడితే ఎట్టా ఉంటదో నాకు తెలుసు. కూత తెగిపోద్ది. ఊపిరి పోయినాక ధైర్యం యాడుంటది?

అల్లుడు: మరి ఫెడోర్‌ని చూసి నువ్వే కదా, వీడు మనిషి కాదన్నావు? పట్టు చూసి అన్లా, ముఖం చూసే అన్నావు.

(ఇక్కడ మామ కాసేపు మాట్లాడలేదు. ఆ పోటీ అట్లాంటిది. 2004, జపాన్లో ప్రైడ్ అనే ఎంఎంఏ పోటీలు. కెవిన్ రాండిల్‌మన్ వెనక నుంచి ఫెడోర్ నడుం పట్టి, ఎత్తి, వెనక్కి విరిచి తలకిందులుగా నేలకేశాడు. బరువంతా మెడ మీద పడింది. చూసేవాళ్లకి మెడ విరిగిందనే అనిపిస్తుంది.)

మామ: లేచినాక ముఖం చూశావా? కోపం లేదు, నొప్పి లేదు. కాసేపట్లో చెయ్యి మెలేసి ఓటమి ఒప్పించాడు. మొత్తం పోటీ ఒకటిన్నర నిమిషం. రాండిల్‌మన్ స్థానంలో ఉండి చూడు. నీకున్న పెద్ద దెబ్బ అదే, అది వేసేశావు, వాడు చీమ కుట్టినట్టు కూడా పెట్టలా ముఖం. ఇంక నీ దగ్గరేముంది?

అల్లుడు: దాన్నే ముఖం అంటారు మామా.

మామ: కాదబ్బయా. ముందు చూపించే ముఖం వేరు, దెబ్బ తిన్నాక మిగిలే ముఖం వేరు. మొదటిది అద్దం ముందు నేర్చుకోవచ్చు.

అల్లుడు: సరే, ఎంగానూ అనే ఫైటర్ సంగతేంది! కామెరూన్‌లో చిన్నప్పుడు ఇసక తవ్విన చేతులు. గుద్దితే ఎట్టా ఉంటదో, ఆ దెబ్బ తిని పడిపోయిన ఓవరీమ్‌ని అడుగు.

మామ: 2018 జనవరిలో అప్పటి ఛాంపియన్ మియోచిచ్ అయిదు రౌండ్లూ కుస్తీ పట్టి అలసగొడితే ఏమయింది? ఆ జూలైలో డెరిక్ లూయిస్‌తో చెయ్యెత్తడానికే జంకాడు. జనం గోల. వెనకటి పోటీ భయం మోసుకొచ్చానని తనే ఒప్పుకున్నాడు. అందరూ భయపడేవాణ్ణే భయం పట్టింది. మళ్లీ 2021లో మియోచిచ్ కాళ్ల కోసం వస్తే ఆపాడు చూడు, నాకప్పుడు అర్థమైంది వీడు నేర్చుకొచ్చాడని. రెండో రౌండ్లో పడగొట్టాడు. చెయ్యి పాతదే.

అల్లుడు: మణికట్టు ఇంకా వదల్లేదు నువ్వు.

(వదిలాడు. అల్లుడు చెయ్యి విదిలించుకున్నాడు. టీ మీద మీగడ కట్టింది.)

అల్లుడు: ఒకటడుగుతా, నిజం చెప్పు. నిన్నెవరూ చూపుతో ఆపలేదా?

మామ: ...చీమకుర్తి జట్టులో ఒకడుండేవాడు. క్వారీలో రాళ్లు కొట్టేవాడు. ఎడమ కార్నర్‌లో వంగి, నా చీలమండ వంకే చూస్తా ఉండేవాడు.

అల్లుడు: పట్టుకున్నాడా?

మామ: లేదు.

అల్లుడు: ఎన్నిసార్లు ఆడారు?

మామ: నాలుగైదు తిరునాళ్లు.

అల్లుడు: ఒక్కసారీ పట్టుకోలా?

మామ: నేను ఆ వైపు కూతకెళితే కదరా. టీ చల్లారిపోయింది, ఇంకోటి చెప్పు.